ఫస్టు ర్యాంకు వడ్రంగిపిట్ట

ముసలి వడ్రంగిపిట్ట మాస్టారు నడిపే కాలేజీలో రెండేళ్లూ ఒకటే చదువు: ఎండు మానుకి ముక్కుతో తొర్ర తొలవడం. తొర్రలో పిట్ట దూరగలిగితేనే పాసు.

ఇంతలో సింహం దర్బారు నుంచి కొత్త విద్యా విధానం దిగింది. రాసింది రామచిలుక. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఒక్క బెరడు ముక్కయినా గీకలేదు. ఎవరో తొలిచి వదిలేసిన తొర్రలోనే కాపురం.

"అడవిలో కాలేజీలన్నిటికీ ఇక ఒకే పద్ధతి. చెట్టు మీద ముక్కు పెట్టడం నేరం. పరీక్షలో నోటితో వందసార్లు టకటక అంటే చాలు," అని చదివి వినిపించింది.

"మరి తొర్రో?" అన్నారు మాస్టారు.

"మీరింకా పాతకాలంలోనే ఉన్నారండీ," అంది చిలుక.

ఆ ఏడు అందరూ పాసైపోయారు.

గుడ్లు పెట్టే రోజులొచ్చాయి. సరిగ్గా అప్పుడే చిలుక ఉండే చెట్టు గాలికి కూలింది. ఆవిడ హడావిడిగా ఫస్టు ర్యాంకువాణ్ణి పిలిపించింది. వాడు కొమ్మ మీద కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా శ్రావ్యంగా టకటక అన్నాడు. మానుకి గీత కూడా పడలేదు.

"తొర్రేదిరా?"

"సిలబస్‌లో లేదు మేడమ్. ఇంకోసారి అనమంటారా?"

చిలుక మాస్టారి దగ్గరికి పరిగెత్తింది. "మీరైనా తొలవండి మాస్టారూ! నొప్పులొస్తున్నాయి!"

"నేరమని మీరే రాశారు కదమ్మా."

"రేపే దర్బారుకెళ్లి మార్పిస్తాను!"

"మంచిది," అన్నారు మాస్టారు. "అందాకా గుడ్లు కూడా నోటితోనే కానివ్వండి."