నోరున్న మనిషి

ఆడవాళ్ల జైల్లో మళ్లీ అరుపులు మొదలయ్యాయి.

కొత్తగా వచ్చిన డిప్యూటీ జైలర్ పెన్ను కింద పడేసి తల పట్టుకుంది.

"ఈసారి ఎవరు?"

"ఇంకెవరు మేడమ్, మైకే," అంది వార్డర్.

ఆమె అసలు పేరు జైల్లో ఎవరూ వాడరు. భర్తను చంపిన కేసులో యావజ్జీవం పడిన మనిషి. గొంతెత్తిందంటే గోడ అవతల రోడ్డున పోయేవాళ్లు కూడా ఆగి చూస్తారు.

డిప్యూటీ ఆమెను పిలిపించింది.

"ఏంటీ గోల? నీకేం తక్కువైంది?"

"నాకేం తక్కువ కాలేదమ్మా. మీరే ఓసారి లోపలికొచ్చి చూడండి."

"నువ్వు నాకు పని చెప్తున్నావా?"



అయినా డిప్యూటీ వెళ్లి చూసింది. బ్యారక్ అద్దంలా ఉంది. ఆ గది బాధ్యత చూసే ఖైదీ, అందరూ 'పెద్దక్క' అనే ఆవిడ, ఓ మూగమ్మాయికి తల దువ్వుతోంది. అమ్మాయి తల ఎత్తలేదు.

"పాపం, నోట్లో మాట లేని పిల్ల మేడమ్. నా దగ్గరే పడుకోబెట్టుకుంటున్నా," అంది పెద్దక్క మెత్తగా.

పెద్దక్కది దొంగ సంతకాల కేసు. మైకుది హత్య.

బలహీనుల్ని ప్రమాదకరమైన ఖైదీల నుంచి విడిగా ఉంచాలని పైనుంచి అప్పటికే ఉత్తర్వు ఉంది. ఎవరు ఏ రకమో తేల్చడానికి డిప్యూటీకి ఆట్టే సేపు పట్టలేదు. మైకును ఎక్కడో దూరాన ఉన్న పెద్ద జైలుకు పంపించేసింది.

బండి ఎక్కబోతూ మైకు ఆగింది.

"ఆ మూగపిల్లని వేరే గదిలోకి మార్చండమ్మా. మీకు పుణ్యముంటుంది."

"ఎవర్ని ఎక్కడుంచాలో నాకు తెలుసు. ఎక్కు."

జైలు సద్దుమణిగింది. తనిఖీకి వచ్చిన పై అధికారి, "ఇది జైలా, లైబ్రరీనా!" అని నవ్వాడు. డిప్యూటీకి ఆ పూట అన్నం తినకుండానే కడుపు నిండిపోయింది.

కొన్నాళ్లకు కుళాయి దగ్గర మూగమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. నర్సు నాడి చూద్దామని చొక్కా చెయ్యి పైకి మడిచి, అలాగే ఉండిపోయింది. మోచేతి నుంచి భుజం దాకా వాతలు.

"పాతవేనా?" అంది డిప్యూటీ. అవునంటే బాగుండునని ఉంది ఆవిడకు.

"ఒక్కటీ పాతది కాదు మేడమ్. అన్నీ ఈమధ్యవే."

బ్యారక్‌లో అందరినీ నిలబెట్టి అడిగింది. అందరూ నేల చూపులు చూశారు. చివరికి ఓ ముసలి ఖైదీ నోరు విప్పింది.

"పెద్దక్క పనేనమ్మా. మైకు ఉన్నన్నాళ్లూ ఆ పిల్ల ఒంటి మీద ఈగ వాలనివ్వలేదు. పెద్దక్క చెయ్యెత్తితే చాలు, మైకు అరుపు అందుకునేది. వార్డర్లు పరిగెత్తుకొచ్చేవాళ్లు. ఎత్తిన చెయ్యి కాస్తా దిగిపోయేది."

"మీరంతా చూస్తూ ఊరుకున్నారా? నాకొచ్చి ఒక్కరూ చెప్పలేదేం?"

"నోరెత్తినదాన్ని ఏం చేశారో చూశాం కదమ్మా."



డిప్యూటీ వెంటనే పెద్దక్కను ఒంటరి గదిలో పెట్టించింది. మూగమ్మాయిని నర్సు గది పక్కకు మార్పించింది. మైకును వెనక్కి పంపమని అవతలి జైలుకు ఫోను చేసింది.

"గొడవమనిషని రాసింది మీరే కదండీ," అన్నారు వాళ్లు. "వచ్చిన రోజే ఒంటరి గదిలో వేశాం. ఇప్పట్లో కుదరదు."

ఆ వారమే మైకు చెల్లెలు చూడ్డానికి వచ్చింది. వార్డర్ చేత కబురు చెప్పించి పంపెయ్యొచ్చు. కానీ డిప్యూటీ తనే గేటు దగ్గరికి వెళ్లింది.

"మీ అక్క ఇక్కడ లేదమ్మా. వేరే జైలుకి... నేనే పంపించాను."

"అయ్యో! ఏం తప్పు చేసిందమ్మా?"

"ఊరికే అరుస్తోందని." ఆ మాట అంటూ డిప్యూటీ ఆమె మొహం చూడలేకపోయింది.

చెల్లెలు తెల్లబోయింది.

"మా అక్క అరవడమేంటమ్మా! అన్నేళ్లు మొగుడు గొడ్డును బాదినట్టు బాదుతున్నా, పక్కింటికి వినపడకూడదని తువ్వాలు నోట్లో కుక్కుకున్న మనిషి."