వెనక బెంచీ జవాబు

"క్లాసు చూడకుండా చేరేది లేదు," అంది ఆమె మెట్ల మీదే ఆగిపోయి.

"చూసేదేముందే? గోడలు, బెంచీలు, ఓ నల్లబల్ల. చేరిపోతే ఓ పనైపోతుంది, పద," అన్నాడు భర్త. పొద్దుట్నుంచీ ఆయనది ఒకటే తొందర.

"గుడ్డ తాను కొనేటప్పుడే మడత విప్పి చూస్తాను. రెండేళ్ళ చదువుకి ఆ మాత్రం చూడొద్దా?"

ఆయన గొణుక్కుంటూ వెనకే మెట్లెక్కాడు.

ఆ బిజినెస్ స్కూల్లో ఓ ఆనవాయితీ ఉంది. పెళ్ళైనవాళ్ళు చేరాలంటే మొగుడో పెళ్ళామో వెంట రావాలి. హాస్టలూ క్లాసూ కళ్ళారా చూసి సరేననాలి. ఇంటిపోరు పడలేక సగంలో మానేసి వెళ్ళినవాళ్ళని చూసి చూసి విసుగెత్తి పెట్టిన పద్ధతి అది.

అడ్మిషన్ల మేడమ్ ఇద్దరినీ కూర్చోబెట్టి అసలు సంగతికి వచ్చింది. "రెండేళ్ళూ హాస్టల్లోనే ఉండాలి. నెలకోసారే ఇంటికి పంపిస్తాం. మీకు పర్లేదా సార్?"

"నెలకోసారి మాత్రం ఎందుకండీ, చదువు పాడైపోతుంది," అన్నాడాయన. "ఇంటికి నేనున్నాను. మా కుట్టు షెడ్డుకీ నేనున్నాను."

మేడమ్ మురిసిపోయింది. "అదృష్టవంతులమ్మా మీరు! ఆ కుర్చీలో కూర్చున్న మగవాళ్ళు నన్నడిగే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? మరి వంటెవరు చేస్తారని!"

ఆమె కూడా మురిసింది. కట్టుకున్నవాడిని పరాయివాళ్ళు మెచ్చుకుంటే ఎవరికి చేదు? స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డు వాళ్ళది. ఆర్డర్లు తెచ్చేది ఆయన. కటింగు బల్ల నుంచి కాజాల దాకా చూసుకునేది ఆమె.

"ఈమధ్య ఓ పెద్ద కంపెనీవాళ్ళొచ్చి షెడ్డు అమ్మమన్నారు మేడమ్. కొనుక్కుని మూసేస్తారట. మా టైలర్లంతా రోడ్డున పడరూ? ప్రాణం పోయినా వల్లకాదన్నాను. షెడ్డు ఈయన పేరు మీదే ఉంది, అయినా నా మాట కాదనలేదు. పైగా అలాంటివాళ్ళకి దీటుగా నిలబడాలంటే నువ్వు పెద్ద చదువు చదవాలని పట్టుబట్టింది కూడా ఈయనే."

భర్త వినయంగా నేలచూపులు చూశాడు.

క్లాసు గది సినిమాహాల్లా మెట్లు మెట్లుగా ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి వెనక బెంచీ వదిలేశారు. బల్ల దగ్గర బక్కపల్చటి ప్రొఫెసరు అప్పుడే ఓ చిక్కుముడి వేసి పిల్లల మీదికి వదిలాడు.

"ఇద్దరు అన్నదమ్ములు. బేకరీ అన్న పేరున ఉంది. పొయ్యి దగ్గర ఉండేది తమ్ముడు. మంచి బేరం వచ్చింది. అన్నకి అమ్మేయాలనుంది. తమ్ముడు ససేమిరా అంటున్నాడు. పనివాళ్ళంతా తమ్ముడి పక్షమే, అతను అక్కడుండగా బేరం తెగదు. తగువు పడకూడదు, కోర్టుకెక్కకూడదు. అన్న ఏం చెయ్యాలి?"

"తమ్ముడికి వాటా పెంచాలి సార్," అన్నాడొకడు.

"పెద్దమనుషుల్లో పెట్టాలి," అంది ఒకమ్మాయి.

ప్రొఫెసరు రెండిటికీ తల అడ్డంగా ఊపాడు. ఆమె బెంచీ అంచుకి జరిగింది. అప్పుడే స్కూల్లో చేరిపోయినంత సంబరంగా ఉంది ఆమెకి.

"పాపం, తమ్ముడిదే న్యాయం కదండీ?" అని భర్త చెవిలో ఊదింది.

"చూశావుగా, ఇంక లే," అన్నాడాయన.

ఇంతలో ప్రొఫెసరు సుద్దముక్క వెనక బెంచీకి గురిపెట్టాడు. "మీరు, సార్! చూస్తే వ్యాపారంలో పండిపోయినవారిలా ఉన్నారు. మీరైతే ఏం చేస్తారు?"

ఆయనకి ఉన్న జబ్బల్లా ఒకటే. పదిమందిలో ఎవరైనా సలహా అడిగితే ఒళ్ళు తెలీదు. లేచాడు. కాలరు సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"తగువెందుకు సార్? కాదన్నవాళ్ళని మనం కాదనకూడదు. నీ ఇష్టమే నా ఇష్టం అనాలి."

"అని?"

"పొగడాలి. ఇంత తెలివి పెట్టుకుని ఈ మసిలో పడుండటమేమిటి అనాలి. మెల్లిగా కొన్నాళ్ళు దూరం పంపెయ్యాలి. మెడ పట్టుకు గెంటితే పోరు సార్. మనకే దణ్ణం పెట్టి వెళ్ళేలా చెయ్యాలి. వాళ్ళు తిరిగొచ్చేసరికి సంతకాలూ అయిపోతాయి, సామానూ వెళ్ళిపోతుంది. అప్పుడు ఏడ్చి మొత్తుకున్నా చేసేదేముంది?"

క్లాసంతా గొల్లుమని నవ్వి చప్పట్లు కొట్టింది. "ఇదీ బుర్రంటే! నేర్చుకోండి!" అన్నాడు ప్రొఫెసరు. భర్త నలువైపులా తిరిగి నమస్కారాలు పెట్టాడు.

ఆమె చేతులు కూడా చప్పట్లకని లేచి గాల్లోనే ఆగిపోయాయి. ఆ పొగడ్త ఆమె విన్నదే. కిందటి నెల భోజనాల దగ్గర. ఆ మాటకి పొంగిపోయి, ఆ పూట ఆయనకి కొసరి కొసరి వడ్డించింది కూడా. కళ్ళు భగ్గున మండాయి. నమ్మినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అంతా బాగుంది సార్," ప్రొఫెసరు వదల్లేదు. "మరి అంత సంతోషంగా, మీకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళేలా, ఎక్కడికి పంపిస్తారు?"

ఆయన నోరు తెరిచాడు. పక్కకి చూశాడు.

"ఆయన చెప్పలేరు సార్, నేను చెప్తాను," అంటూ ఆమె లేచింది. "ఇక్కడికే. మీ స్కూలుకే."