గడియ లేని తలుపు

చీటీ దొరికిన పూటే మంగళ తలుపు గడియ ఊడదీయించింది.

కూతురు రుతుజ దిండు కింద దొరికిందది. ‘అమ్మా, నాకు బతకాలని లేదు.’ వంకర టింకర అక్షరాలు. మరాఠీ బడిలో చదివి డాక్టరు చదువుకు వెళ్లిన పిల్ల, ఏనాడూ తెలుగులో ఒక్క ముక్క రాసి ఎరగదు. మంగళకు చదవడం వచ్చింది తెలుగొక్కటే. ఎంత దుఃఖం ముంచుకొస్తే పిల్ల తెలుగులో రాసిందో అనుకుంది.

కరోనా వచ్చి హాస్టల్ మూసేశారు. ముంబై కామాటిపురలో వాళ్ల గల్లీకి రెండు వైపులా వెదుళ్లు కట్టేశారు. వరస గదుల చాల్‌లో పదడుగుల గది. అందులో తల్లీ కూతురూ, గోడ మీద ఆ రోగంతోనే పోయిన మంగళ భర్త శంకర్రావు ఫోటో. పరీక్షలు మూడుసార్లు వాయిదా పడ్డాయి. రుతుజ ఫోన్లో పాఠాలు వింటూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేది.

మంగళ ఇల్లంతా గాలించింది. ఫినాయిల్ సీసా పక్కింటి భూదేవికి ఇచ్చేసింది. జొన్నపిండి డబ్బా అడుగున ఉన్న నిద్రమాత్రల పొట్లం తీసి మోరీ తూములో నీళ్లతో పాటు పోసేసింది. పిల్ల కంట పడలేదు కదా అని డబ్బా రెండుసార్లు కడిగింది.

ఇక కాపలా. రుతుజ గదుల ముందున్న గ్యాలరీ చివర పాయఖానాకు పోతే తలుపు బయట మంగళ. లోపల చప్పుడు లేకపోతే పేరు పెట్టి పిలుపు. నిద్రపోతే ముక్కు దగ్గర వేలు. తాను తింటే తప్ప పిల్ల ముద్ద ముట్టడం లేదు. అందుకని ఎదురుగా కూర్చుని తానూ రెండు పూటలా రొట్టె తినసాగింది.

“ఏంది వదినా, పోరిని జైల్ల పెట్టినట్టు పెట్టినవ్?” అంది భూదేవి.

“ఉన్నది ఒక్కతే బిడ్డ. నువ్వు జర చుప్ ఉండు.”

ఒకనాడు రుతుజే విసుక్కుంది. “జర గాలన్న పీల్చనీయవా? నీ పని నువ్వు చూస్కో అమ్మా.”

“నువ్వే నా పని,” అంది మంగళ.

నెల గడిచింది. కాలేజీలో మనసు జబ్బులు చూసే మేడం ఫోన్ చేసింది. మంగళ అవతలికి పోలేదు. కూతురి మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది. మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఒక్కటీ అర్థం కాక మంగళ బిడ్డ ముఖంలోకే చూస్తోంది.

వార్డు పనికి అందరూ వచ్చేస్తున్నారు, నువ్వెప్పుడొస్తావని మేడం అడిగింది.

రుతుజ తల్లి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని నెమ్మదిగా జవాబిచ్చింది.

“నేను బాగానే ఉన్నానని అమ్మకు అప్పుడే తెలియకూడదు మేడం, నాన్న పోయాక పిండి డబ్బాలో నిద్రమాత్రలు కూడబెట్టుకున్నది తనే.”