అద్దం అవతలి గొంతు

మే నెల ఎండలో మెడకి మఫ్లర్ చుట్టుకుని వచ్చిన మనిషిని చూసి శాంభవికి నవ్వొచ్చింది.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద ఆమె రికార్డింగ్ స్టూడియో. ఓనరూ ఆమే, రికార్డిస్టూ ఆమే.

"నా పేరు మునీర్ అండీ. ఆటోనగర్లో స్పేర్‌పార్టుల కొట్లో పనిచేస్తాను," అన్నాడాయన గుసగుసగా.

"కొంచెం గట్టిగా చెప్పండి."

"గొంతు దాచుకుంటున్నానమ్మా. రేపు పొద్దున్నే ఆపరేషన్. ఆ తర్వాత ఇక మాట రాదన్నారు డాక్టర్లు."

శాంభవి నవ్వు ఆగిపోయింది.

"మా ఆవిడ ఆస్మాకి చూపు లేదు. నేనింటికొచ్చానని నా గొంతు వినే తెలుసుకుంటుంది. 'ఆస్మా, నేనొచ్చాను', 'అన్నం తిన్నావా', 'భయపడకు, పక్కనే ఉన్నాను'... ఇలాంటి నాలుగు మాటలు రికార్డు చేసిస్తే చాలు."

శాంభవి మనసు కరిగిపోయింది. వెంటనే ఆయన్ని లోపలి గదిలో మైకు ముందు కూర్చోబెట్టింది. రెండు గదుల మధ్య ఉన్న గాజు అద్దానికి ఇవతల తన కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. అలవాటు కొద్దీ రికార్డింగ్ మొదలుపెట్టేసి, "ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. గొంతు లెవెల్ చూసుకుంటాను," అంది.

"సరేనమ్మా," అన్నాడాయన, ఈసారి అసలు గొంతుతో.

శాంభవి తలెత్తి అద్దంలోంచి ఆయన్ని చూసింది.

ఆ గొంతు! చచ్చేదాకా మర్చిపోదు.

చిన్నప్పుడు, ఇంకా కాలేజీ కూడా దాటని వయసులో, ఉయ్యూరు నుంచి బస్సెక్కి వచ్చి ఒక క్యాసెట్ కంపెనీలో ఆడిషన్‌కి పాడింది. అద్దం అవతల చీకటి. మనుషులు కనపడలేదు. స్పీకర్లోంచి ఆ గొంతొక్కటే వినపడింది.

"ఈ గొంతు పనికిరాదు. వెళ్లొచ్చమ్మా."

ఆ తర్వాత ఆమె మళ్లీ పాడలేదు. ఇంట్లో అంట్లు తోముతూ కూనిరాగం కూడా తియ్యలేదు. కసికొద్దీ ఈ పని నేర్చుకుంది. కసికొద్దీ అద్దానికి ఇవతలి కుర్చీ సంపాదించింది. ఆ గొంతుగలవాడు ఎప్పటికైనా దొరక్కపోతాడా అని ఎదురుచూసింది. ఇప్పుడు తనంతట తనే వచ్చి మైకు ముందు కూర్చున్నాడు.

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద విసిరేసింది. లోపల ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆ గొంతు ఇంకొక్క ముక్క వినటం ఆమె వల్ల కాలేదు.

కాసేపటికి స్క్రీన్ మీద గీతలు కదలటం మానేశాయి. సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయింది. మైకుకీ కంప్యూటర్‌కీ మధ్య ఉండే చిన్న పెట్టె, ఆడియో ఇంటర్‌ఫేస్, దాని పచ్చ లైటు కూడా ఆరిపోయింది.

మునీర్ బయటికొచ్చాడు.

"ఏమైందమ్మా?" మళ్లీ గుసగుస.

"క్రాష్ అయింది."

చేతులకి అలవాటైన పని. కేబుల్ పీకి కంప్యూటర్ వెనక ఇంకో పోర్టులో పెట్టింది. లైటు రాలేదు. కేబుల్ మార్చింది. రాలేదు. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. అది మూలుగుతూ లేచేసరికి పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది.

ఇక సాఫ్ట్‌వేర్ తెరిస్తే చాలు.

శాంభవి ఆ లైటుని చూసింది. మునీర్‌ని చూసింది. ఆయన గోడవైపు తిరిగి, "ఆస్మా, నేనొచ్చాను" అని పెదాలతోనే సాధన చేసుకుంటున్నాడు.

బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి కేబుల్ లాగేసింది.

"పెట్టె పాడైందండీ. ఇవాళ కాదు."

ఆయన మొహం పాలిపోయింది. "ఇక్కణ్ణుంచి నేరుగా ఆస్పత్రిలో చేరాలమ్మా. ఇంకోచోటికి వెళ్లే టైము లేదు. ఒక్కసారి మళ్లీ చూడండి."

"చూసినా లాభం లేదు."

ఏళ్ల తరబడి కడుపులో దాచుకున్న మాట అప్పుడు బయటికి తీసింది. అదే మాట, అదే విరుపు.

"ఈ గొంతు పనికిరాదు. వెళ్లొచ్చండి."

అబ్బ, ఎంత హాయిగా ఉందో!

మునీర్ ఆమె వెనక మూసి ఉన్న తలుపువైపు చూశాడు, అక్కడ ఇంకెవరో కూర్చుని ఉన్నట్టు. ఆ తలుపు వెనక చీపురూ బకెట్టూ తప్ప ఏమీ లేవు.

"మీరేం బాధపడకండమ్మా. అది మీ మాట కాదని నాకు తెలుసు," అని గుసగుసగా చెప్పి మెట్లు దిగిపోయాడు.

'ముసలాయనకి మతిపోయింది' అనుకుంది శాంభవి. ఆ రోజు చాలా కాలానికి కంటినిండా నిద్రపోయింది.

మర్నాడు పొద్దెక్కాక, చర్చి పాటలవాళ్లు వచ్చే వేళకి, కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్ తెరిచింది. నిన్న మధ్యలో ఆగిపోయిన రికార్డింగ్ ఒకటి ఉంది, ఉంచమంటావా, తీసేయమంటావా అని అది అడిగింది.

తీసేయబోయి ఆగింది. ఈపాటికి ఆపరేషన్ అయిపోయి ఉంటుంది. ఓడిపోయిన ఆ గొంతుని ఒక్కసారి తీరిగ్గా వినాలనిపించింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

"సరేనమ్మా. ఏం మాట్లాడమంటారు? నేనూ ఒకప్పుడు మీలాగే ఆ కుర్చీలో రికార్డిస్టుగా చేశాను. పక్కన ఓనరు గారు కూర్చుని ఏం చెప్పమంటే, పాడేవాళ్లకి మైకులో అది చెప్పటం నా ఉద్యోగం. ఒకసారి ఉయ్యూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పాడుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ క్యాసెట్లో పాడే అవకాశమేమో ఓనరు గారు తన మేనకోడలికి ఇవ్వాలనుకున్నారు. 'గొంతు పనికిరాదని చెప్పి పంపెయ్' అన్నారు. చెప్పాను. కానీ అద్దంలోంచి ఆ పిల్ల మొహం చూశాక ఇక ఆ మైకు ముట్టుకోబుద్ధి కాలేదమ్మా, ఆ పూటే ఉద్యోగం మానేసి ఆటోనగర్ వెళ్లిపోయాను."