పలక మీద లేని పేరు

ముసలాయన కప్పు చాపాడు. స్వానౌగ్ కాఫీ కెటిల్‌ను పక్కవాడి కప్పులోకి వంచింది.

పొద్దుటి నుంచి ఫుట్‌బాల్ గ్రౌండులో అందరికంటే ఎక్కువ రాళ్లు ఏరింది ఆయనే. శనివారం క్లబ్బు శ్రమదానమని ఎలా తెలిసిందో, పడవ దిగి, సొంత పార భుజాన వేసుకుని వచ్చాడు.

"పెద్దాయనకు కాఫీ పొయ్యలేదేం అత్తా?" అడిగాడు క్లబ్బు అధ్యక్షుడు ఓడ్వార్.

"ఆయనెవరో తెలిస్తే నువ్వూ పొయ్యవు."

"ఎవరు?"

"ఐలిఫ్."

ఓడ్వార్ ముఖం మాడిపోయింది.

ఆ దీవిలో పిల్లల్ని తిట్టడానికి వాడే పేరది. యుద్ధంలో జర్మన్లు నార్వేను పట్టుకున్నప్పుడు, వాళ్ల ఏలుబడిలో బంతి ముట్టేది లేదని దేశమంతా ఆటగాళ్లు ఆట మానేశారు. ఐదేళ్లు. ఇక్కడ మాత్రం ఐలిఫ్ గడ్డి కోశాడు, సున్నపు గీతలు గీశాడు, ఆదివారమొస్తే జర్మన్ సిపాయిలతో కలిసి ఆడాడు.

యుద్ధం ముగిసిన వారానికే క్లబ్బు ఆయన్ని వెలేసింది. దుకాణంలో పలకరించేవాళ్లు లేకపోయారు. నెల తిరక్కుండా పడవెక్కి వెళ్లిపోయాడు. అది జరిగి ఇరవై నాలుగేళ్లు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అంది స్వానౌగ్, ఆయనకు వినపడేలాగే.

ఓడ్వార్ ఆయన ముందుకెళ్లి నిలబడ్డాడు.

"ఎందుకొచ్చావు?"

ఐలిఫ్ ఖాళీ కప్పు బల్ల మీద పెట్టాడు.

"క్లబ్బుకు యాభై ఏళ్లు నిండాయట కదా. ఈ గ్రౌండుకు మట్టి మోసినవాళ్ల పేర్లతో రాతి పలక పెడుతున్నారని పేపర్లో చూశాను."

"పెడుతున్నాం. అయితే?"

"నేనూ మోశాను బాబూ. ఉత్త బండ దీవి ఇది, దోసెడు మట్టి ఉండేది కాదు. యుద్ధానికి పదేళ్ల ముందు, రెండు వేసవులు అవతలి ఒడ్డు నుంచి పడవల్లో తెచ్చి పోశాం. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నా పేరు కూడా చెక్కించండి. ఇంకేమీ అడగను."

"జర్మన్లకు గోల్స్ కొట్టిపెట్టినవాడి పేరా? మా నాన్న పేరు పక్కనా?"

ఓడ్వార్ తండ్రి గీస్లె యుద్ధకాలంలో క్లబ్బు అధ్యక్షుడు. దీవిలో ఆయన మాటకు తిరుగులేదు. గ్రౌండులో ఉన్న ఒకే ఒక్క స్టాండుకు ఆయన పేరే పెట్టారు. కొడుక్కి ఈ పదవి దక్కిందీ చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకున్నట్టే. ఆయన ఇప్పుడు ఆ స్టాండులోనే, మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని వాఫిల్ అట్టు తింటున్నాడు.

"మీ నాన్నను ఒక్క మాట అడుగు," అన్నాడు ఐలిఫ్. "ఆయన కాదంటే వెళ్లిపోతాను."

ఓడ్వార్ నవ్వి, స్టాండు వైపు కేకేశాడు.

"నాన్నా! ఐలిఫ్ వచ్చాడు. పలక మీద పేరు కావాలట. చెక్కిద్దామా?"

అందరూ పారలు ఆపి అటు చూశారు.

గీస్లె ఐలిఫ్ వంక ఒక్కసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

"కమిటీ ఎలా అంటే అలా."

"కమిటీ అంటే నేనేగా! కుదరదు ఫో," అన్నాడు ఓడ్వార్.

ఐలిఫ్ కదల్లేదు. గీస్లె ఇంకో మాట అంటాడేమోనని నిలబడే ఉన్నాడు. గీస్లె వాఫిల్ మీద జామ్ రాసుకుంటున్నాడు.

"ఇన్నేళ్లూ నిన్ను నమ్మాను గీస్లె," అన్నాడు ఐలిఫ్. ఆ గొంతులో కోపం కన్నా ఏడుపే ఎక్కువుంది.

"ద్రోహికి నమ్మకాలొకటి!" అంది స్వానౌగ్. చాలామంది నవ్వారు.

ఆయన పార తీసుకుని మధ్యాహ్నం పడవకు వెళ్లిపోయాడు.

ఆగస్టులో పలక నిలబెట్టారు. నలభై ఒక్క పేర్లు. అన్నిటికంటే పైన గీస్లె పేరు.

అక్టోబరులో ఒక ఉదయం, రొట్టె తింటూ ఓడ్వార్ పేపరు తిరగేశాడు.

"పీడ విరగడైంది నాన్నా. ఐలిఫ్ పోయాడట, బెర్గెన్‌లో. నా అన్నవాళ్లెవరూ లేరని రాశారు."

గీస్లె చేతిలోని రొట్టె కింద పెట్టేశాడు.

"పలక మీద వాడి పేరు చెక్కించు," అన్నాడు.

"మతి పోయిందా నాన్నా?"

"గ్రౌండు ఖాళీగా ఉంటే జర్మన్లు అందులో మకాం వేసేవాళ్లు. బట్టలు మార్చుకునే గది ఉంది చూడు, దాని నేల కింద మన రహస్య రేడియో ఉండేది. అది బయటపడితే మా పదకొండుమందినీ గోడకు నిలబెట్టి కాల్చేసేవాళ్లు. మొదటివాణ్ణి నేను."

"అయితే?"

"అక్కడ ఆట ఆగకూడదు. మనవాడొకడు వాళ్లతో ఆడుతూ ఉండాలి."

ఓడ్వార్ పేపరు మడవడం మరిచిపోయాడు.

"మరి యుద్ధం అయ్యాక చెప్పలేదేం?"

"ఊరు కోపంతో ఊగిపోతోంది. కాస్త చల్లారాక చెబుదామనుకున్నా. ఈలోగా స్టాండుకు నా పేరు పెట్టారు."

"నాన్నా..."

"వాడు ఆడనని ఏడ్చాడురా; ద్రోహి అనిపించుకోమని చేతులు పట్టుకుని బతిమాలింది నేనే."