గార్డు తీసిందెవరు?

"గార్డు తీసిందెవడ్రా?"

జయకృష్ణ అరుపుకి ఆటోనగర్‌లోని ఆ చెక్కల షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి. ఒళ్ళు మండదా మరి! పదేళ్ళుగా తన దగ్గర పనిచేస్తున్న అంతోని, పొద్దున రంపం మిషను మీద పలక కోస్తూ రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది జయకృష్ణే. చొక్కా మీద ఆ రక్తం మరకలతోనే ఇప్పుడు తిరిగొచ్చాడు.

రంపం మీద చెయ్యి పడకుండా ఇనప గార్డు ఉండాలి. అది లేదు. షెడ్డంతా వెతికినా కనిపించలేదు.

అసలే నిన్నటి కోపం ఇంకా తగ్గలేదు. ర్యాకులు ఆలస్యమయ్యాయని గవర్నర్‌పేట పుస్తకాల షాపు ఓనరు నలుగురిలో దులిపేస్తే, ఆ మంటలోనే తిన్నగా ఇంటికెళ్ళి పడుకున్నాడు. పొద్దున వచ్చేసరికి ఈ ఘోరం.

ఎన్నిసార్లు చెప్పి చచ్చాడు! ర్యాకుల్లో అరలు కూర్చోడానికి పలకకి గాడి కోసేటప్పుడు మాత్రమే గార్డు తియ్యాలి, అదుంటే పలక కదలదు కాబట్టి. అప్పుడు కూడా చేత్తో తొయ్యకూడదు, తోపుడు చెక్కతోనే తొయ్యాలి. గాడి అవగానే, టీకి కూడా వెళ్ళకుండా, గార్డు బిగించాలి. ఈ ముక్క గోడ మీద ఎర్ర పెయింటుతో తన చేత్తోనే రాశాడు. నిన్న సాయంత్రం గాడుల పని అయింది. ఇవాళ గార్డు లేదు. అంటే ఎవడో తీసి, ఎక్కడో పారేసి, చక్కా ఇంటికి పోయాడు.

షెడ్డుకి తాళం వేసేది డేనియల్. ముందు అతని మీద పడ్డాడు.

"నిన్న మీరు గవర్నర్‌పేట బయల్దేరేటప్పుడు, సార్..."

"నోర్ముయ్. నేనటు వెళ్తే ఇటు మీ ఇష్టారాజ్యమేగా."

అందరిలోకీ పెద్దవాడు శౌరయ్య మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. ఆయన్నీ నోరెత్తనివ్వలేదు. సంజాయిషీలు అక్కర్లేదట. తీసినవాడు ఒప్పుకోవాలి. అంతదాకా షెడ్డు మూత. ఎనిమిది మందీ రేపట్నుంచి ఇళ్ళలో కూర్చోవచ్చు.

ఎనిమిది మందీ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అది చూసి జయకృష్ణకి ఇంకా మండింది.

నాలుగింటికి ఆసుపత్రి నుంచి అంతోని భార్య రూతు ఫోను చేసింది. షెడ్డు మూసేస్తున్న సంగతి ఎవరో చేరవేసినట్టున్నారు. ఫోను మొగుడికిచ్చింది.

"గార్డు నేనే తీశానండి," అన్నాడు అంతోని నీరసంగా. "వాళ్ళనేం అనకండి. పని చేసుకోనివ్వండి."

సొంత తమ్ముడిలా చూసుకున్న మనిషి!

"నీ వేళ్ళు నువ్వే తీసుకున్నావు గదరా," అన్నాడు జయకృష్ణ. "నయమయ్యాక కూడా నా గుమ్మం తొక్కకు."

ఫోను పెట్టేసి అందర్నీ పనిలోకి పొమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు. శౌరయ్య తల దించుకున్నాడు. వీళ్ళకింకా వాడి మీద జాలి అని గొణుక్కుంటూ జయకృష్ణ బయటికొచ్చాడు.

చినుకులు మొదలయ్యాయి. రెయిన్‌కోటు కోసం స్కూటరు సీటు ఎత్తాడు.

అరిగిపోయిన బోల్టుకి బదులు గవర్నర్‌పేటలో కొత్తది కొందామని నిన్న తానే విప్పి, తన తువ్వాల్లోనే చుట్టి పెట్టుకున్న గార్డు, రెయిన్‌కోటు మీద అలాగే ఉంది.