పేరు చాలు

"ముఖాన ఆ గుడ్డ తియ్యవే ముందు!" తన కల్లంలో నిలబడి గద్దించింది సుబ్బరావమ్మ.

చాంద్‌బీ చేతిలో మిరపకాయలు జారిపోయాయి. ఘాటుకి ముక్కూ నోరూ మండకుండా కల్లంలో కాయలు ఏరే ఆడాళ్ళందరూ గుడ్డ కట్టుకునే ఉన్నారు. సుబ్బరావమ్మా కట్టుకునే ఉంది. కానీ ఇవాళ ఆమె కంట్లో నలుసైంది చాంద్‌బీ గుడ్డొక్కటే.

కొన్నాళ్ళుగా సర్కారు ఆటో ఊరంతా తిరిగి మైకులో మొత్తుకుంటోంది. పైదేశం నుంచి దొంగచాటుగా వచ్చినోళ్ళు కూలీల్లో కలిసిపోయారట. పట్టివ్వాలట. పనిలో పెట్టుకున్న రైతు మీదా కేసేనట! ఆ కేక చెవిన పడ్డప్పటి నుంచీ సుబ్బరావమ్మకి కంటిమీద కునుకు లేదు. చాంద్‌బీ మొగుడు మాలిక్ ఫోన్లో తురకంలో మాట్లాడితే అనుమానం. మాట్లాడకుండా కూర్చుంటే ఇంకా అనుమానం. మొన్నటిదాకా వాళ్ళిద్దరికీ తన చేత్తో మజ్జిగ పోసిన మనిషే! పొద్దున కొడుకు ట్రాక్టరేసుకుని సత్తెనపల్లి వెళ్ళగానే పోలీసులకి ఫోన్ కొట్టింది.

"ఏ ఊరే మీది? నిజం చెప్పు."

"అద్దంకే గదమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?" చాంద్‌బీ ముఖాన గుడ్డ లాగేసింది.

జీపొచ్చి ఆగింది. ఎస్సై దిగీ దిగ్గానే, సుబ్బరావమ్మ వేలు చూపించిన మాలిక్ కాలరు పట్టుకున్నాడు. మాలిక్ జేబులోంచి ఆధార్ కార్డు తీసి చూపించాడు.

"అద్దంకి సార్. మా తాతల కాణ్ణుంచీ అక్కడే."

"కార్డులు ఎవడైనా చేయించుకుంటాడు." ఎస్సై దానివంక చూడనైనా చూడలేదు.

"అవున్సార్," అందుకుంది సుబ్బరావమ్మ. "కార్డుల్దేముంది? పేరు వింటే చాలదూ, ఎవరేంటో తెలవటానికి!"

"అదీ మాట!" ఎస్సై మాలిక్‌ని జీపువైపు నెట్టాడు.

చాంద్‌బీ వచ్చి సుబ్బరావమ్మ కాళ్ళమీద పడింది. "నువ్వైనా చెప్పమ్మా, నీ ఉప్పు తిన్నోళ్ళం." సుబ్బరావమ్మ మనసు చివుక్కుమంది. అంతలోనే మైకులో విన్న కేసు గుర్తొచ్చి కాళ్ళు వెనక్కి లాక్కుంది.

అప్పుడే ఖాళీ గోతాలతో ట్రాక్టరొచ్చింది. కొడుకు ఒక్క దూకు దూకి జీపుకి అడ్డం నిలబడ్డాడు.

"ఏంది సార్ ఇది? మాలిక్ మా మనిషి. వదిలిపెట్టండి!"

ఎస్సై వాణ్ణి ఎగాదిగా చూశాడు. మాసిన గడ్డం, తలకి చుట్టిన తువ్వాలు. "నువ్వెవడివిరా మధ్యలో?"

"నా కొడుకు సార్! ఒక్కగానొక్కడు. తెలీక వాగుతున్నాడు." సుబ్బరావమ్మ పరుగెత్తుకొచ్చింది.

"నువ్వాగమ్మా. ఎవరేంటో తెలవటానికి పేరు చాలన్నావుగా." ఎస్సై వాడివైపు తిరిగాడు. "ఏరా, నీ పేరేంటి?"

సుబ్బరావమ్మ "చెప్పకురా నాయనా!" అని అరవబోయింది. మిరప ఘాటు గొంతుకడ్డం పడి దగ్గొచ్చింది.

వాడు చెప్పేశాడు. కడుపు పండాలని ఆమె దర్గా గడపలో తల ఆనించి మొక్కుకుని, పండాక మురిసిపోతూ తన నోటితో తనే పెట్టుకున్న పేరు.

"మాబు సుభానీ."